భర్త గడిలో తండ్రి పేరు

గవర్నర్‌పేటలోని మా ఆసుపత్రిలో రికార్డు రూము ఎక్కడని అడిగితే మా డాక్టర్లలోనే సగం మంది తెల్లమొహం వేస్తారు. మందుల కౌంటరు దాటి, జనరేటరు పక్కసందులోంచి వెళ్తే వెనక ఒక పొడుగాటి గది వస్తుంది. ఇరవై ఆరేళ్ళుగా ఆ గది నాది. ఆసుపత్రిది కదా అంటారేమో, జీతం ఇచ్చేది ఆసుపత్రి, గది మాత్రం నాది. ఏ సంవత్సరం కట్ట ఏ అరలో ఉందో, ఏ సర్జన్ దస్తూరీ ఎవరికీ అర్థం కాదో, ఏ కేసు షీటు కోసం ఏ వకీలు ఎన్నిసార్లు తిరిగాడో నాకు తెలుసు. నాకు ముక్కు మీద కోపమని వార్డుల్లో చెప్పుకుంటారు. నిజమే. ఫైలు తీసుకెళ్ళి తిరిగివ్వని వాళ్ళ మీద కోపం రాని మనిషి ఈ ఉద్యోగానికి పనికిరాదు.

మా ఆడపడుచు ఒకసారి అంది, "అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేశారంటగా భాబీ, ఇంక నీకేం పనుంటుంది?" అని. "బీరువా కొన్నంత మాత్రాన చీరలు వాటంతటవే మడతపడవమ్మా," అన్నాను. దాచడం ఎవరైనా దాస్తారు. అడిగినప్పుడు దొరికేలా దాచాలి, ఏది ఎన్నేళ్ళుంచాలో తెలియాలి, ఏది ఎప్పుడు పారేయొచ్చో తెలిసి ధైర్యంగా పారేయాలి. కంప్యూటరు వచ్చాక ఈ పని తగ్గలేదు, రెట్టింపయింది. కాగితం ఒకచోట ఉంటుంది, కంప్యూటర్లో ఉన్నది మనం ఏ పేరు పెట్టి పిలిస్తే ఆ పేరుకే పలుకుతుంది. ఈ మాట నేను అందరికీ చెప్పేదాన్ని. నాకు నేను చెప్పుకోవాల్సి వస్తుందని మాత్రం అనుకోలేదు.

నాలుగేళ్ళ క్రితం కొత్త స్కానింగు మిషనుకి చోటు కావాలని నా గదిలో సగం అడిగారు. పాత రిజిస్టర్లన్నీ స్కాన్ చేయించి, కంప్యూటర్లో వెతుక్కునేలా వివరాలు ఎక్కించి, కాగితాన్ని పంపించేయాలని నిర్ణయం. నేను ఏడవలేదు. పాతకాలం పోయిందని కూర్చుని బాధపడే రకాన్ని కాదు. చెదలు తింటున్న కాగితాన్ని కౌగిలించుకుని ఏం చేస్తాం? ఆ పని నాకే అప్పగించమని అడిగి తీసుకున్నాను. కాన్పుల రిజిస్టర్లకు ఏయే గడులు ఉండాలో ఫారం నేనే తయారుచేశాను. తల్లి పేరు, భర్త పేరు, ఊరు, తేదీ, ఆడో మగో, బరువు. పొందిగ్గా ఆరు గడులు. స్కానింగు కంపెనీవాళ్ళు ఇంత శుభ్రమైన ఫారం ఎక్కడా చూడలేదన్నారు. నేను పొంగిపోయాను. ఆరునెలలు వాళ్ళ పక్కనే కూర్చుని పని చేయించాను.

తర్వాత రెండేళ్ళూ హాయిగా గడిచాయి. అదివరకు ఒక పుట్టుక వెతకాలంటే పూటంతా దుమ్ములో దేవులాడేవాళ్ళం. ఇప్పుడు పేరు కొడితే చాలు. దొరికితే కాపీ ఇస్తాను, దొరక్కపోతే లేదని రాసిస్తాను. లేదని రాసిచ్చేటప్పుడు కూడా నా సంతకం వంకర తిరిగేది కాదు.

పోయినేడు వానలు మొదలైన రోజుల్లో ఒకామె వచ్చింది. నా వయసుదే, యాభై దాటి ఉంటుంది. అవనిగడ్డ అవతల కృష్ణ పాయల మధ్య లంకల్లో కూలిపని చేసుకునే మనిషి. మెడలో చిన్న శిలువ. చేతిలో బియ్యం సంచి మడిచి చేసిన సంచీ, దాని నిండా కాగితాలు. ఆమె పెద్దకూతురికి రెండు కిడ్నీలూ పాడై డయాలిసిస్ మీద ఉంది. తన కిడ్నీ ఇస్తానంది ఈమె. రక్తాలు కలిశాయి, పరీక్షలన్నీ అయ్యాయి. నగరంలో వేరే ఆసుపత్రిలో ఆపరేషనుకి అంతా సిద్ధం. కానీ కిడ్నీలు అమ్ముకోవడం, కొనుక్కోవడం జరుగుతుంటాయి గనక, ఇచ్చే మనిషి నిజంగా సొంతమనిషేనా అని చూడ్డానికి ఒక కమిటీ ఉంటుంది. తల్లీకూతుళ్ళని చూపించే కాగితం తెమ్మన్నారు.

ఆ కాగితమే వాళ్ళ దగ్గర లేదు. పుట్టినప్పుడు పంచాయతీలో ఎవరూ రాయించలేదు. కూతురు ఐదో తరగతితో ఆపేసింది, బడి కాగితంలో తండ్రి పేరొక్కటే ఉంది, ఆ తండ్రి చనిపోయాడు. పాత రేషన్ కార్డు కొత్తది ఇచ్చినప్పుడు తీసేసుకున్నారు. కూతురి ఆధార్‌లో ఆమె మొగుడి పేరుంది. "ఇక్కడే పుట్టిందండీ, మీ ఆసుపత్రిలోనే. కిటికీలోంచి కాలవ కనపడేది," అంది. మా పాత కాన్పుల వార్డు కిటికీలోంచి కాలవ కనపడేమాట నిజం.

నేను వెతికాను. ఆమె పేరు, భర్త పేరు, ఊరు, సంవత్సరం అన్నీ కలిపి కొట్టాను. లేదు. ముందో ఏడు, వెనకో ఏడు చూశాను. లేదు. "ఇంకేదైనా ఆసుపత్రేమో గుర్తు చేసుకోండమ్మా," అన్నాను. ఆమె కాదంది. నేను కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పి చూపించాను, చదవడం రాదని తెలిసి కూడా. ఈ వివరాలతో మా రికార్డుల్లో కాన్పు నమోదు కాలేదని లెటర్‌హెడ్ మీద రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చాను. ఆమె దాన్ని రెండు చేతులతో తీసుకుని దణ్ణం పెట్టి వెళ్ళింది. పనికొచ్చే కాగితమే అనుకుంది పాపం.

పన్నెండు రోజుల తర్వాత, ఒక మంగళవారం పొద్దున, మళ్ళీ వచ్చింది. ఈసారి కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ కాగితం వాళ్ళకిచ్చానండీ. అది చూసి, ఇక్కడ పుట్టలేదని ఆసుపత్రివాళ్ళే రాశారు కదమ్మా, మరి అబద్ధం ఎందుకు చెప్పావు అన్నారండీ. శుక్రవారం ఆఖరుసారి పిలుస్తారంట. అప్పటికి లేకపోతే ఇంక ఫైలు మూసేస్తారంట."

"నేను ఉన్నది ఉన్నట్టు రాశానమ్మా," అన్నాను.

"మిమ్మల్ని అనట్లేదండీ. నేను కన్నానని ఇంకెవర్ని అడిగి రాయించుకోవాలో చెప్తారేమోనని వచ్చాను."

గుండె కలుక్కుమంది. కలుక్కుమంటే నాకు కోపం వస్తుంది, అదొక జబ్బు. ఆ కోపంలోనే గబగబా ప్రశ్నలు వేశాను. ఏ నెల, ఏ వారం, పగలా రాత్రా, ఏ డాక్టరమ్మ, ఎవరు తీసుకొచ్చారు. ఆఖరి ప్రశ్నకి ఆమె, "మా నాన్నండీ," అంది. "ఏడో నెల్లోనే చలిమిడి పెట్టి తీసుకెళ్ళారు కదండీ. మొదటి కాన్పు పుట్టింట్లోనేగా. మా నాన్న పడవ దాటించి, బస్సెక్కించి తీసుకొచ్చాడు. పేరు రాయించింది కూడా ఆయనే. మా ఆయన మూడోరోజుకి గానీ రాలేదు."

నా చెయ్యి కీబోర్డు మీదే ఆగిపోయింది. మా పాత కాన్పుల రిజిస్టర్లలో తల్లి పేరు పక్కన ఉండే గడికి భర్త అని పేరు లేదు. ఫలానావారి భార్య అనో, ఫలానావారి కూతురు అనో ఇంగ్లీషులో W/o, D/o లాంటి రెండు పొట్టి అక్షరాలు వేసి, వెంట వచ్చిన మగమనిషి పేరు రాసేవాళ్ళు నర్సులు. మొదటి కాన్పుకు ఆడపిల్లని తీసుకొచ్చేది పుట్టింటివాళ్ళు. కాబట్టి ఆ గడిలో ఉండేది తండ్రి పేరు, ఆయన ఇంటిపేరు, ఆయన ఊరు. నేను మహా తెలివిగా ఆ గడికి భర్త పేరు అని శీర్షిక పెట్టాను. కాన్పుకొచ్చిన మనిషికి మొగుడుంటాడు కదా అనుకున్నాను, అంతకంటే ఏమీ ఆలోచించలేదు. ఈ ప్రాంతంలో మొదటి బిడ్డను కన్న ప్రతి ఆడదాని తండ్రినీ ఆమెకు మొగుణ్ణి చేసి కూర్చోబెట్టాను.

ఇందులో సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటుంది. మా ముస్లింల్లోనూ మొదటి కాన్పు పుట్టింట్లోనే. నా పెద్దపిల్ల పుట్టేటప్పుడు నేనూ కొండపల్లి పుట్టింటికి వెళ్ళాను. నొప్పులొస్తే మా అబ్బా, అంటే నాన్న, ఇదే ఆసుపత్రికి తీసుకొచ్చి, ఇదే రిజిస్టరులో పేరు రాయించాడు. నా పేరు కొట్టి చూశాను. కంప్యూటర్లో మా అబ్బా నాకు భర్తయి ఉన్నాడు. ఆవలిస్తే పేగులు లెక్కపెడతానని విర్రవీగిన దాన్ని, నా సొంత పేగు దగ్గరే పప్పులో కాలేశాను.

"మీ నాన్న పేరు చెప్పండమ్మా, పుట్టింటి ఇంటిపేరుతో సహా," అన్నాను. చెప్పింది. కొట్టాను. ఒక్క నిమిషం పట్టలేదు. తల్లి పేరు అదే, తేదీ ఆమె చెప్పిన వారంలోనిదే, ఆడపిల్ల, రెండున్నర కిలోలు. భర్త పేరు దగ్గర ఆమె తండ్రి పేరు.

"దొరికింది," అన్నాను. ఆమె అప్పుడు కూర్చుంది, కుర్చీలో కాదు, నేలమీద.

దొరికిందన్న మాటే గానీ ఆ ప్రింటు కమిటీకిస్తే ఉన్న అనుమానం రెట్టింపవుతుంది. స్కాన్ చేసిన పేజీ తెరిచి చూశాను. ఆ రిజిస్టర్లు దళసరివి, వివరాలు రెండు పేజీల మీద పరుచుకుని ఉంటాయి. తల్లి పేరు ఎడమ పేజీ చివర, తండ్రి పేరు కుడి పేజీ మొదట్లో. బైండింగు దగ్గర పేజీ లోపలికి వంగి, పేరు ముందున్న ఆ రెండు అక్షరాలూ నీడలో కలిసిపోయాయి. పేరు కనపడుతోంది, కూతురన్న మాట కనపడటం లేదు. అసలు కాగితమే కావాలి. అసలు కాగితం పారేయొచ్చని జాబితా మీద సంతకం పెట్టింది కూడా నేనే. గన్నవరం దగ్గర స్కానింగు కంపెనీవాళ్ళ గోడౌనులో బస్తాల్లో ఉంది. అక్కడ ఉంచే రెండేళ్ళ గడువు అయిపోయింది, ఈ గురువారమే పేపరుమిల్లు లారీ వస్తుంది.

బుధవారం పొద్దున్నే నేను బస్సెక్కాను. నా పక్కన ఆమె. వద్దంటే వినలేదు. గోడౌను సూపర్‌వైజరు మంచివాడే గానీ రూలు మనిషి. "మా గేటు దాటాక ఇది మీ సరుకు కాదండీ మేడమ్," అన్నాడు.

"సరుకు కాదు నాయనా, రిజిస్టర్లు. మిల్లులో నానేదాకా వాటికి జవాబుదారీ నేను," అన్నాను. "రేపు కోర్టు అడిగితే మీ లారీ డ్రైవరు వెళ్ళి చెప్తాడా?"

కోర్టు అనగానే అతను తలుపు తీశాడు. ఆ మాట ఎక్కడ వాడాలో ఇరవై ఆరేళ్ళలో నేర్చుకున్నాను.

లోపల బస్తాలు కప్పుదాకా ఉన్నాయి. నాకు పదినిమిషాలకే దగ్గు మొదలైంది. ఆమె కొంగు నడుముకి చుట్టి, పైబస్తా భుజం మీదికి లాగి పక్కకి దించింది. ఇంకోటి, ఇంకోటి. "కిడ్నీ ఇవ్వాల్సిన మనిషివి, నడుం పట్టుకుంటే ఏం చేస్తావ్? దించేయ్," అని కేకలేశాను. అప్పటికి మీరు అనడం ఎప్పుడు మానేశానో నాకే తెలియదు.

"ధాన్యం బస్తాలు మోసినదాన్నండీ, కాగితాలు బరువా," అంది. నాకు మాత్రం ఆ కాగితాలే బరువుగా ఉన్నాయప్పుడు.

రిజిస్టర్ల వెన్నుమీద సంవత్సరం మార్కరుతో నేనే రాసిపెట్టుకున్నాను. ఆ ఒక్క పనీ సరిగ్గా చేశాను కాబట్టి మధ్యాహ్నానికి దొరికింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, బైండింగు విరిగినా పరవాలేదని పేజీ బార్లా తెరిచాను. నీలం సిరా. ఆ రోజు డ్యూటీలో ఉన్న నర్సు ఎవరో గానీ గుండ్రంగా, శుభ్రంగా రాసింది. నాతో వచ్చిన ఈమె పేరు, తర్వాత ఆ రెండు పొట్టి అక్షరాలు, తర్వాత ఆమె తండ్రి పేరు, కింద ఆయన వేలిముద్ర. ఫలానావారి కూతురికి ఫలానా తేదీన ఆడపిల్ల. నేను గట్టిగా చదివి వినిపించాను. ఆమె కొంగు విప్పి మొహం తుడుచుకుంది.

ఆ సాయంత్రం మా సూపరింటెండెంటు గారి దగ్గర కూర్చున్నాను. ఆయన ధ్రువీకరించిన కాపీ మీద సంతకం పెట్టి, "పాత లెటరు గురించి సాంకేతిక లోపం అని రాసేయండమ్మా, సరిపోతుంది," అన్నారు.

"లోపం మిషనుది కాదండీ. అది నేను పెట్టిన పేరుకే పలికింది," అన్నాను.

"మీ మీదికెందుకు తెచ్చుకుంటారు?"

"నా సంతకంతో వెళ్ళిన అబద్ధం నా సంతకంతోనే వెనక్కి రావాలండీ. లేకపోతే కమిటీ ఏ లెటరు నమ్మాలి?"

ఆయన కళ్ళజోడు తీసి నా వైపు చూసి, మీ ఇష్టం అన్నారు. ఫారంలో గడికి తప్పు శీర్షిక పెట్టింది నేనేనని, అందువల్ల ఉన్న కాన్పును లేదని రాశానని, ఆ లేఖను వెనక్కి తీసుకుంటున్నానని నాలుగు వాక్యాల్లో రాశాను. నా ఉద్యోగ జీవితంలో నేను రాసిన ఉత్తరాల్లో అదే మంచి ఉత్తరం అని ఇప్పటికీ అనుకుంటాను.

ఆపరేషను జరిగిందా అని మీరు కంగారు పడకండి, జరిగింది. దసరా వెళ్ళాక. తల్లీకూతుళ్ళిద్దరూ తిరుగుతున్నారు. లారీని వెనక్కి పంపించాను. బస్తాలన్నీ మళ్ళీ నా సగం గదిలోకి తెచ్చుకున్నాను. యాజమాన్యం గొణిగింది, గొణగనీ. ఫారానికి ఒక గడి చేర్చి, రిజిస్టరు రిజిస్టరూ తెరిచి, తండ్రులను తండ్రుల చోట పెడుతున్నాను. పేజీకి నలుగురైదుగురు తగులుతున్నారు. మా అబ్బాను మొదట మార్చాను. లేదని నేను రాసిచ్చిన వాళ్ళందరి దరఖాస్తులూ ఒక ఫైలులో ఉన్నాయి, ఒక్కొక్కరికీ ఫోను చేస్తున్నాను. కొందరు తిడుతున్నారు, పడుతున్నాను. ఈ పని నాకంటే బాగా ఎవరూ చేయలేరు, ఎందుకంటే ఎక్కడ తప్పానో నాకు తెలుసు.

కానీ ఆ శుక్రవారం సంగతి చెప్పాలి. రిజిస్టరు పట్టుకుని నేనే కమిటీకి వెళ్ళాను, కాపీ మీద అనుమానం వస్తే అసలు చూపించడానికి. పొడుగాటి బల్ల, అవతల నలుగురు, పక్కన ఈ మాటలన్నీ రికార్డు చేయడానికి ఒక కెమెరా. నా ఉత్తరం చదివారు. రిజిస్టరు తెరిచి చూశారు. పెద్దాయన పేజీ మీద వేలుపెట్టి రెండుసార్లు చదివి, సరే అన్నట్టు తలూపి, ఆమె వైపు తిరిగారు. వీల్‌చైర్లో కూతురు, పక్కన నిలబడి ఆమె.

"ఈ అమ్మాయి మీకేమవుతుందమ్మా?" అని అడిగారు. అది అందరినీ అడిగే ప్రశ్నే.

ఆమె కెమెరా వైపు చూసింది. బల్లమీద రిజిస్టరు వైపు చూసింది. తప్పు మాట వస్తే మళ్ళీ మొదటికొస్తుందని భయం.

"అందులో ఏం రాసుంటే అదేనండీ," అంది.

కాగితమంటే నాకు ప్రాణం, ఆ రోజు మాత్రం సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అక్కడ మాట్లాడే హక్కు నాకు లేదు. అయినా లేచాను.

"అది వదిలెయ్యమ్మా," అన్నాను. "నువ్వు చెప్పు."

ఆమె వంగి, కూతురి భుజం మీద జారిన చున్నీ సర్దింది.

"నా కూతురండీ," అంది.